గుదికాలి నరం తెగితే... నడవగలుగుతున్నామని ఊరుకోవద్దు



ప్రతి ఏటా క్రిస్మస్ ఆటల పోటీలు, కోత పండుగ, యువజన కూటాలు జరిగిన మరుసటి వారంలో మా ఓ.పి.కి కాలు ఈడ్చుకుంటూ వచ్చేవారు కొందరు ఉంటారు. చాలామందికి చీలమండ బెణుకే. క్రేప్ బ్యాండేజీ, నాలుగు రోజుల విశ్రాంతి, నొప్పి మాత్రలు సరిపోతాయి. కాని ఎప్పుడో ఒకరు వచ్చి వేరే మాట చెబుతారు. "సిస్టరుగారూ, పెద్దల పరుగుపందెంలో నాలుగడుగులు వేశానో లేదో, ఎవరో వెనకనుంచి కర్రతో పిక్క కింద కొట్టినట్టయింది. టప్పుమని చప్పుడు కూడా వినబడింది. తిరిగి చూస్తే వెనక ఎవ్వరూ లేరు" అంటారు.

ఆ మాట వినగానే నేను ఆ మనిషిని ఇంక నడవనివ్వను. చక్రాల కుర్చీ తెప్పిస్తాను. "అబ్బే, నడిచే వచ్చానుగా సిస్టరుగారూ" అంటారు నవ్వుతూ. నడిచే వచ్చారు, నిజమే. ఈ జబ్బులో చిక్కంతా అక్కడే ఉంది.

ఎవరూ కొట్టకుండానే తగిలే ఈ దెబ్బ గురించే ఈసారి రాస్తున్నాను.

నరం అంటే ఏ నరం?

మన తెలుగులో అన్నింటినీ నరం అనేస్తాం. సెలైన్ ఎక్కించడానికి "నరం దొరకలేదు" అంటాం, అది రక్తనాళం. "నరాల బలహీనత" అంటాం, అది మెదడునుంచి వచ్చే నాడులకు సంబంధించినది. "మెడ నరం పట్టేసింది" అంటాం, అది చాలాసార్లు కండరం. ఇక్కడ తెగేది వీటిలో ఏదీ కాదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తాడు అది. డాక్టర్లు టెండన్ అంటారు. పుస్తకాల్లో స్నాయువు అని రాస్తారు.

మన పాత తెలుగు బైబిలులో దీనికి మంచి మాటే ఉంది. ఆదికాండము 32వ అధ్యాయంలో యాకోబు కుంటుతూ నడిచిన సంగతి దగ్గర తుంటినరము అన్న మాట వస్తుంది. యెహోషువ గ్రంథం 11వ అధ్యాయంలో శత్రువుల గుర్రాలకు గుదికాలి నరం తెగకోసిన సంగతి ఉంది. గుదికాలు అంటే మడమ. ఆ నరం తెగిన గుర్రం చావదు, మేత మేస్తుంది, కాని రథం లాగలేదు. మనిషికి కూడా ఇంచుమించు అంతే. ప్రాణానికి ప్రమాదం లేదు. కాని పరుగెత్తలేడు, నిచ్చెన ఎక్కలేడు, బరువు నెత్తిన పెట్టుకుని మునివేళ్ల మీద లేవలేడు.

ఇంగ్లీషు వైద్యంలో దీన్ని అకిలిస్ టెండన్ అంటారు. గ్రీకు కథల్లో అకిలిస్ అనే వీరుణ్ణి తల్లి చిన్నప్పుడు మడమ పట్టుకుని మహిమగల నదిలో ముంచిందట. చేతిలో ఉన్న మడమ ఒక్కటే తడవలేదట. చివరికి అక్కడే బాణం తగిలి చచ్చిపోయాడట. ఆ పేరు 1693 నుంచి వైద్యంలో ఉంది. నేను ఈ వ్యాసంలో మన గుదికాలి నరమనే అంటాను.

మీరు కూర్చున్న చోటే ఒకసారి మడమకు కాస్త పైన వెనకవైపు రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. గట్టి తాడులా తగులుతుంది. ఒంట్లో ఉన్న టెండన్లన్నింటిలో పెద్దది, బలమైనది ఇదే. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. పిక్కలోని రెండు పెద్ద కండరాలు కిందికి వచ్చి దీనిలో కలుస్తాయి, ఇది మడమ ఎముకను పట్టుకుంటుంది. పిక్క బిగిస్తే ఈ తాడు మడమను పైకి లాగుతుంది, అప్పుడే మనం ముందుకు అడుగు తోయగలం. తెగడం ఎక్కువగా మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన జరుగుతుంది. అక్కడ రక్తప్రసరణ తక్కువ.

(ఉదయం మంచం దిగగానే మడమ కింద పోటు అని చాలామంది అక్కచెల్లెళ్లు చెబుతుంటారు. అది వేరే బాధ, అరికాలి పొరకు సంబంధించినది. అది ఉన్నవారు ఈ వ్యాసం చదివి భయపడవద్దు.)

ఎంతమందికి వస్తుంది?

జనాభా మొత్తానికి ఆసుపత్రి లెక్కలు రాసిపెట్టుకునే దేశాల్లో దీన్ని బాగా లెక్కించారు. స్వీడన్‌లో 2012లో లక్షమంది పురుషులకు సుమారు 55 మందికి, లక్షమంది స్త్రీలకు సుమారు 15 మందికి ఈ నరం తెగింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2003లో లక్షకు 18 మంది ఉంటే, 2013 నాటికి 29 మంది అయ్యారు. అంటే అరుదైన సంగతి కాదు, పైగా పెరుగుతూ వస్తోంది. నడివయసు వారు, ఆ పైవారు కూడా ఆటలు ఆడుతుండడం దీనికి ఒక కారణమని అంటారు.

ఎక్కువగా తెగేది 30 నుంచి 50 ఏళ్ల మధ్య మగవారికి. వారమంతా కుర్చీలో కూర్చుని, ఆదివారం సాయంత్రం ఒక్కసారిగా షటిల్ బ్యాట్ పట్టుకునేవారు. ఏడాదంతా పరుగెత్తక, పండుగ రోజు పిల్లల ముందు పరువు కోసం పరుగెత్తేవారు. షటిల్, వాలీబాల్, క్రికెట్, కబడ్డీ, ఏదైనా ఒక్కసారిగా కాలు నేలకు తన్ని ముందుకు దూకే ఆటలే. చాలామందికి ముందుగా ఏ నొప్పీ ఉండదు. "నిన్నటివరకు బాగానే ఉంది" అంటారు, అది నిజమే. ఇక 70 దాటిన వృద్ధులకు ఆటలు అక్కరలేదు, మెట్టు తప్పితే చాలు.

ఆటగాళ్లకు కూడా తప్పదు. ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్‌కు 2010 మార్చిలో ఇది తెగి, ఆ ఏడాది ప్రపంచ కప్పు ఆడలేకపోయాడు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్‌కు 2013 ఏప్రిల్‌లో ఆట మధ్యలో తెగింది. ఆయన తెగిన కాలితోనే నడిచి వెళ్లి, గీత దగ్గర నిలబడి రెండు బంతులు బుట్టలో వేసి, ఆ తర్వాతే మైదానం దిగాడు. మా నర్సింగ్ విద్యార్థినులకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను. నడుస్తున్నాడు కాబట్టి తెగలేదు అనుకోవద్దని.

మందుల సంగతి

ఇది చాలామందికి తెలియదు, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. జ్వరమనీ, విరేచనాలనీ, మూత్రంలో మంట అనీ మన వాళ్లు మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కునే సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ వంటి మాత్రలకు ఈ నరాన్ని బలహీనపరచే గుణం ఉంది. అమెరికా ప్రభుత్వ మందుల శాఖ 2008లోనే ఈ మందుల చీటీ మీద నల్ల గీతల పెట్టెలో ఈ హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. 60 ఏళ్లు దాటినవారికి, స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడుతున్నవారికి, కిడ్నీ వంటి అవయవ మార్పిడి జరిగినవారికి ప్రమాదం మరింత ఎక్కువ. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రావచ్చు, ఆపేసిన కొన్ని నెలల తర్వాత కూడా రావచ్చు.

దీనికి భయపడి డాక్టరుగారు రాసిన మందు మీ అంతట మీరు ఆపవద్దు. ఈ మాత్రలు వాడిన ఎక్కువమందికి ఏమీ కాదు. మామూలు మందులకు లొంగని టి.బి.కి ఇచ్చే మందుల్లో లీవోఫ్లాక్సాసిన్ ముఖ్యమైనది, దాన్ని మధ్యలో ఆపితే వచ్చే నష్టం చాలా పెద్దది. కాని ఇవి వాడుతుండగా మడమ పైన కొత్తగా నొప్పి, వాపు వస్తే, ఆరోజే కాలికి విశ్రాంతి ఇచ్చి డాక్టరుకు చూపించండి. మందు మార్చాలా వద్దా వారు చెబుతారు. షాపులో అడిగి కొనుక్కోవడం మాత్రం మానండి.

స్టెరాయిడ్‌కు కూడా ఇదే మాట. కీళ్ల నొప్పులకని ఊళ్లో ఇచ్చే "పవర్ ఇంజక్షన్" లో ఏముందో అడిగేవారు తక్కువ. గుదికాలి నరం నొప్పిగా ఉందని అక్కడే స్టెరాయిడ్ సూది వేయించుకుంటే నరం తెగే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గిందని సంతోషించే లోపల తెగుతుంది.

నేను చేసిన పొరపాటు

ఇప్పటికి 30 ఏళ్లు దాటింది. నేను స్టాఫ్ నర్సుగా కొత్త, వేరే జిల్లాలో పనిచేస్తున్నాను. ఒక సాయంత్రం క్యాజువాలిటీకి ఒక తాపీమేస్త్రీ వచ్చాడు. 38 ఏళ్లు ఉంటాయి. కట్టుబడి దగ్గర తక్కువ ఎత్తు గోడమీదనుంచి దూకితే కాలు కలుక్కుమందన్నాడు. కుంటుతూనే అయినా నడిచి వచ్చాడు. మడమ పైన వాచి ఉంది. పాదం పైకీ కిందికీ ఆడించమంటే ఆడించాడు. ఎక్స్‌రే తీశారు, ఎముక బాగుంది. డాక్టరుగారు థియేటర్లో సిజేరియన్‌లో ఉన్నారు. బెణుకే అని లోపలికి కబురు పంపాను. క్రేప్ బ్యాండేజీ కట్టి, నొప్పి మాత్రలు ఇచ్చి పంపమన్నారు. పంపేశాను.

ఏడు వారాల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. నొప్పి లేదు, వాపు లేదు. "అమ్మా, నిచ్చెన ఎక్కలేకపోతున్నాను. కాలు నన్ను పైకి తోయడం లేదు" అన్నాడు. ఆరోజు ఎముకల డాక్టరుగారు ఆయన్ని బోర్లా పడుకోబెట్టి, పిక్క పిసికి, నన్ను పిలిచి చూపించారు. ఒక పాదం కదులుతోంది, ఇంకోటి చచ్చినట్టు ఉంది. నరం తెగి ఏడు వారాలైంది. తెగిన కొనలు దూరంగా జరిగిపోయి, మధ్యలో పనికిరాని మెత్తటి కండ పెరిగింది. పెద్దాసుపత్రికి పంపితే కాలి బొటనవేలిని వంచే టెండన్ తీసి మడమకు కుట్టారు. తిరిగి పనిలోకి వెళ్లడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాది ఆయన భార్య ఒక్కతే మాలు తట్టలు మోసింది.

"మీరేం చేస్తారమ్మా, ఫోటోలో కనబడలేదు కదా" అని ఆయనే నన్ను ఓదార్చాడు. కాని ఎక్స్‌రే ఎముకను చూపిస్తుంది, టెండన్ తెగిందో లేదో దానిలో తెలియదు. ఆ సంగతి నాకు తెలిసి ఉండాలి. ఆయన్ని బోర్లా పడుకోబెట్టి ఒక్కసారి పిక్క పిసికి ఉంటే అరనిమిషంలో తెలిసేది.

నా ఒక్కదాని పొరపాటు మాత్రమే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈ గాయాల్లో నలుగురైదుగురిలో ఒకరికి మొదటిసారి చూసినప్పుడు గుర్తించకుండా పోతుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. కారణం సులభమే. పాదాన్ని కిందికి వంచే చిన్న టెండన్లు ఇంకా ఉన్నాయి, అవి పనిచేస్తూనే ఉంటాయి. అందుకే రోగి పాదం ఆడిస్తాడు, నడుస్తాడు. మొదట తెగిన చోట వేలితో నొక్కితే గుంట తగులుతుంది. కొన్ని గంటల్లో వాపు వచ్చి ఆ గుంటను కప్పేస్తుంది. నొప్పి కూడా రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. అందరూ బాగైపోయిందనుకుంటారు.

పిక్క పిసికి చూసే పరీక్ష

దీనికి ఏ యంత్రమూ అక్కరలేదు. రోగిని మంచం మీద బోర్లా పడుకోబెట్టి పాదాలు అంచునుంచి బయటికి వేలాడేలా ఉంచాలి. కండరాలు వదులుగా ఉంచమని చెప్పి, పిక్కను చేతితో పట్టి పిసకాలి. నరం బాగుంటే పాదం దానంతట అది కిందికి వంగుతుంది. తెగితే కదలదు. రెండు కాళ్లూ పోల్చి చూడాలి. ఇంగ్లండుకు చెందిన సిమండ్స్ అనే డాక్టరు 1957లో, అమెరికాకు చెందిన థామ్సన్ 1962లో దీన్ని ప్రచురించారు. అప్పటినుంచి ప్రపంచమంతా ఇదే చేస్తోంది. అలా బోర్లా పడుకున్నవారిని మోకాళ్లు మడవమంటే, బాగున్న పాదం కొంచెం కిందికి వంగి ఉంటుంది, తెగిన పాదం చదునుగా పడిపోతుంది. అదీ ఒక గుర్తు. అనుమానం తీరకపోతే అల్ట్రాసౌండ్ స్కానింగ్ గాని, ఎం.ఆర్.ఐ. గాని డాక్టరుగారు రాస్తారు.

ఇంట్లో మీరు ఈ పరీక్ష చేసుకుని నిర్ణయించుకోవాలని నేను రాయడం లేదు. ఎక్కడికి వెళ్లినా "ఎముక బాగుంది, వెళ్లండి" అంటే, "అయ్యా, నరం చూశారా? పిక్క పిసికి చూశారా?" అని మర్యాదగా అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ఇక చేయకూడని పని ఒకటుంది. నూనె రాసి తోమించడం, కాలు పట్టి లాగించడం, ఆకు పసరు వేసి గట్టిగా కట్టించడం. తెగిన తాడు కొనలు దగ్గరగా ఉండాల్సిన సమయంలో వాటిని దూరం చేయడమే అది. పాదాన్ని చదునుగా, అంటే నేలమీద నిలబడినట్టు పెట్టి కట్టు కడితే కొనలు ఇంకా విడిపోతాయి. పాదం వేళ్లు కిందికి చూసేలా ఉంటేనే అవి ఎదురెదురుగా వస్తాయి.

ఆపరేషన్ తప్పనిసరా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వయసులో ఉన్నవారికి తెగిందంటే దాదాపు ఆపరేషనే. ఇప్పుడు అలా కాదు. నార్వే దేశంలో ఐదువందల మందికి పైగా రోగులను మూడు భాగాలుగా చేసి, ఒకరికి ఆపరేషన్ లేకుండా, ఒకరికి మామూలు ఆపరేషన్, ఒకరికి చిన్న గాటుతో ఆపరేషన్ చేసి చూశారు. 2022లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత కాలు ఎంత బాగా పనిచేస్తోందని అడిగితే మూడు భాగాలవారికీ తేడా లేదు. అయితే ఆపరేషన్ లేనివారిలో నూటికి ఆరుగురికి నరం మళ్లీ తెగింది, ఆపరేషన్ అయినవారిలో నూటికి ఒకరికి కూడా కాలేదు. మరోవైపు ఆపరేషన్ అయినవారిలో పాదానికి స్పర్శనిచ్చే నాడికి దెబ్బ తగలడం ఎక్కువగా కనబడింది.

కాబట్టి ఎవరికి ఏది అన్నది మనిషిని బట్టి ఉంటుంది. షుగరు అదుపులో లేనివారికి, బీడీ సిగరెట్టు తాగేవారికి, స్టెరాయిడ్ వాడేవారికి మడమ వెనక గాటు పెట్టడానికి డాక్టర్లు వెనకాడతారు. అక్కడ చర్మం పలచన, కింద కండ లేదు. గాయం విచ్చుకుందంటే మానడానికి నెలలు పడుతుంది. డ్రెస్సింగ్ చేసే నర్సులకు ఆ గాయాలు బాగా తెలుసు. పోటీల్లో ఆడే యువకులు, మళ్లీ తెగకూడదని గట్టిగా కోరుకునేవారు ఆపరేషన్ ఎంచుకోవచ్చు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. ఆపరేషన్ లేకుండా మానే అవకాశం త్వరగా వచ్చినవారికే బాగా ఉంటుంది. మొదటి రోజుల్లోనే పాదం కిందికి వంచి కట్టు వేస్తే తెగిన కొనలు కలుస్తాయి. నాలుగు వారాలు, ఆరు వారాలు దాటాక వస్తే ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది. ఆ మేస్త్రీకి జరిగినట్టు పెద్ద ఆపరేషనే మిగులుతుంది.

కట్టు వేశాక ఇంటి దగ్గర

సాధారణంగా మొదట రెండు వారాలు వేళ్లు కిందికి ఉండేలా పిండికట్టు గాని స్ప్లింట్ గాని వేస్తారు. తర్వాత మడమ కింద మెట్లు మెట్లుగా ముక్కలు పెట్టిన వాకింగ్ బూటు ఇస్తారు. వారానికో రెండు వారాలకో ఒక ముక్క తీస్తూ పాదాన్ని నెమ్మదిగా చదునుకు తెస్తారు. మొత్తం 8 నుంచి 10 వారాలు. బూటు వేసుకుని త్వరగా నడవడం మొదలుపెట్టినా నష్టం లేదని, పూర్తి పిండికట్టుతో సమానంగానే ఫలితం ఉందని ఇంగ్లండులో 540 మందిపై జరిగిన పరిశీలన 2020లో తేల్చింది. మా రోగులకు ఇది పెద్ద ఊరట. అయితే ఏ రోజునుంచి బరువు మోపాలో మీ డాక్టరుగారు చెప్పిన ప్రకారమే చేయాలి.

ఇక్కడ మన ఇళ్లలో, మన మందిరాల్లో వచ్చే ఇబ్బందులు మూడు ఉన్నాయి.

మొదటిది చెప్పుల సంగతి. మనం మందిరం గడప దగ్గర చెప్పులు వదిలి లోపలికి వెళతాం. బూటు ఉన్న రోగి కూడా భక్తితో బూటు తీసేసి, వట్టి కాలితో చాప దాకా నడుస్తాడు. ఆ పది అడుగుల్లో మడమ నేలకు ఆని, మానుతున్న నరం సాగుతుంది. సాగిన నరం మానినా పొడవుగా మానుతుంది, పిక్కకు పట్టు రాదు. దయచేసి బూటు తీయవద్దు. అడుగున తడిగుడ్డతో తుడుచుకుని లోపలికి రండి. సంఘ పెద్దలు, పాస్టరుగార్లు కూడా ఈ సంగతి గమనించాలని మనవి. డాక్టరు వద్దన్నంతవరకు రాత్రి నిద్రలో కూడా అది కాలికే ఉండాలి.

రెండోది లెట్రిన్. గొంతుకు కూర్చుంటే చీలమండ పూర్తిగా వంగి ఈ నరం మొత్తం సాగుతుంది. కొన్ని నెలలపాటు గొంతుకు కూర్చోవడం పనికిరాదు. మధ్యలో రంధ్రం చేసిన ప్లాస్టిక్ కుర్చీ గాని, అద్దెకు దొరికే కమోడ్ కుర్చీ గాని ఇంటికి వెళ్లే ముందే ఏర్పాటు చేసుకోండి. డిశ్చార్జి రోజున నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. "చూసుకుంటాంలెండి" అంటే ఒప్పుకోను. అలాగే మోకాళ్లూని ప్రార్థించే అలవాటు ఉన్నవారు ఫిజియోథెరపిస్టు సరేననే దాకా కుర్చీలో కూర్చునే ప్రార్థించండి.

మూడోది కట్టు లోపల దురద. చీపురుపుల్ల, అల్లికసూది లోపలికి దూర్చవద్దు. చర్మం గీసుకుని చీము పట్టినవాళ్లను చూశాను.

కట్టు వేసిన కాలి వేళ్లు రోజూ చూసుకోండి. నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా రండి. కదలని కాలిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఈ గాయంలో ఎక్కువ. పిక్కలోగాని తొడలోగాని నొప్పి పెరగడం, కట్టు ఉన్నట్టుండి బిగుతైపోవడం, ఆయాసం, ఛాతీలో పోటు, వీటిలో ఏది వచ్చినా రాత్రయినా ఆగవద్దు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు వెళితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంతకుముందు కాలిలో రక్తం గడ్డకట్టినవారు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

బూటు తీశాక అసలు పని మొదలవుతుంది. పిక్క సన్నబడి ఉంటుంది. మొదట రెండు కాళ్ల మీద, గోడ పట్టుకుని, మడమలు లేపడం. కొన్ని వారాలకు ఒంటికాలి మీద. కూర్చుని చేసే ఉద్యోగమైతే కొన్ని వారాల్లో వెళ్లవచ్చు. నిలబడి, బరువులు మోసి చేసే పనికి మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆటలకు ఆరు నెలలకు తక్కువ కాదు, చాలామందికి తొమ్మిది నెలలనుంచి ఏడాది. తెగిన కాలి పిక్క రెండోదానంత బలంగా పూర్తిగా రాకపోవచ్చు కూడా. ముందే ఈ మాట చెబితే రోగులు నిరాశపడరు, వ్యాయామం మానరు.

కోసుకుని తెగితే

మన పల్లెల్లో గుదికాలి నరం ఆటల్లోనే కాదు, గాయాలతో కూడా తెగుతుంది. కొడవలి, గొడ్డలి, దమ్ము చేసే ట్రాక్టరు ఇనప చక్రం. సైకిలు వెనక కూర్చున్న పిల్లల మడమ చువ్వల్లో పడటం. ఇంకొకటి లెట్రిన్ బేసిన్. పగుళ్లు వచ్చిన పింగాణీ బేసిన్ మీద కాలు జారి లోపలికి పడితే, విరిగిన అంచు కత్తిలా మడమ వెనక కోస్తుంది. పైకి చిన్న గాటులా ఉంటుంది, లోపల నరం పూర్తిగా తెగి ఉండవచ్చు. పగిలిన బేసిన్ ఉంటే ఈ వారమే మార్పించండి.

ఇటువంటి గాయానికి పసుపు, కాఫీపొడి, సున్నం పెట్టవద్దు. మంచినీళ్లు ధారగా పోసి కడిగి, ఉతికిన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని తీసుకురండి. పై చర్మానికి మాత్రం నాలుగు కుట్లు వేయించుకుని ఇంటికి వెళ్లిపోవద్దు. మడమ వెనక ఎంత చిన్న గాయమైనా లోపల నరం చూసిన తర్వాతే కుట్టాలి. టి.టి. ఇంజక్షన్ సంగతి కూడా అడగండి.

దెబ్బ ఎలా తగిలినా, తీసుకువచ్చే పద్ధతి ఒకటే. మోటారు సైకిలు మీద కాలు వేలాడేసి తీసుకురావద్దు. కాలు నేలమీద మోపనివ్వకుండా ఎత్తి ఆటోలో కూర్చోబెట్టి, సీటు మీద కాలు చాపించండి. పాదం వేళ్లు కిందికి ఉండేలా, మడమ కింద మడిచిన తువ్వాలు పెట్టండి. గాయం లేకపోతే గుడ్డలో చుట్టిన ఐసు ఇరవై నిమిషాలు ఉంచవచ్చు. ఒకవేళ ఆపరేషన్ అవసరమైతే ఆలస్యం కాకుండా దారిలో ఏమీ తినిపించవద్దు. ఆయన వాడుతున్న మందుల చీటీలన్నీ, షాపులో కొన్న మాత్రల అట్టలతో సహా, ఒక కవరులో వేసి వెంట తీసుకురండి.